అమ్మమ్మ నోటుబుక్కులో పళ్ళ రొట్టె: మధ్యలో పచ్చిగా ఎందుకు ఉండిపోతోంది?

బ్రాడీపేట_బుజ్జి (గుంటూరు), సోమవారం ఉదయం 10:40

అందరికీ నమస్కారం. వంటల విభాగంలో ఇదే నా మొదటి పోస్టు.

వచ్చే ఆదివారం మా అమ్మకి డెబ్బై నిండుతాయి. ఏం కావాలమ్మా అంటే చీర వద్దంది, హోటలూ వద్దంది. "మా అమ్మ చేసిన పళ్ళ రొట్టె ఒక్క ముక్క టీలోకి తినాలనుంది" అంది. అమ్మమ్మ పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఆ తర్వాత ఆ రొట్టె మా ఇళ్ళల్లో ఎవరూ చేయలేదు. నాకు గుర్తున్నదల్లా దాని వాసన, దాని మీద రాసిన వెన్న.

పెద్దమ్మ ఇంట్లో అమ్మమ్మ నోటుబుక్కు దొరికింది. అట్ట మీద 1954 అని ఉంది. రాసినది రాసినట్టు ఇస్తున్నాను:

"పళ్ళ రొట్టె. నల్ల కిస్మిసు, ఖర్జూరం, పాకం పట్టిన బత్తాయి తొక్క, అన్నీ కలిపి పదలం. బెల్లం 4 ప. టీ డికాక్షను గ్లాసుడు, వేడిది. రాత్రంతా నానవలెను. తెల్లవారి మైదా సోలన్నర, గుడ్డు 1, తినే సోడా అర చెంచా, పుల్ల మజ్జిగ గరిటెడు, జాజికాయ. కలిపి ఊరక ఉంచరాదు. సన్న సెగ. మరునాటికి బాగుండును."

అంతే. ఎంతసేపు కాల్చాలో లేదు, గిన్నె ఏ సైజో లేదు.

నేను చేసింది చెప్తాను. పదలం అంటే అరకిలో ఉండొచ్చని అమ్మ అంది, పళ్ళు అరకిలో వేశాను. బెల్లం 4 ప. అంటే నాలుగు పలుకులు అనుకొని నిమ్మకాయంత గడ్డలు నాలుగు వేశాను. సోల అంటే కప్పే కదా అని మైదా కప్పున్నర. కేకులో మజ్జిగేంటని అది మానేశాను. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీలు, 45 నిమిషాలు.

పైన బొగ్గు, మధ్యలో హల్వా, పళ్ళన్నీ అడుక్కి చేరి కూర్చున్నాయి. పైగా తింటుంటే సబ్బు వాసన. మా వాడు ఒక ముక్క తిని "అమ్మా, ఇది అమ్మమ్మకే ఇచ్చేయ్" అన్నాడు.

ఆరు రోజులే ఉంది. ఒకటే టెన్షన్.


భవానీపురం_బాచి (విజయవాడ), సోమవారం 10:58

పైన బొగ్గు, మధ్యలో హల్వా. ఒక్క ఖర్చుతో రెండు ఐటమ్‌లు వచ్చాయి కదండీ, ఇంకేం కావాలి.


పటమట_ప్రసూన (విజయవాడ), సోమవారం 11:25

బుజ్జి గారూ, కంగారు పడకండి. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంటాను, నాకు అర్థమైంది చెప్తాను.

ముందు ఆ సబ్బు వాసన సంగతి. తినే సోడాకి పులుపు తగలాలి. పులుపు తగిలితేనే గ్యాసు పుట్టి పిండి పొంగుతుంది. అమ్మమ్మ గారు మజ్జిగ ఊరికే రాయలేదు. మీరు మజ్జిగ తీసేసి సోడా ఉంచారు. బెల్లానికి కాస్త పులుపు గుణం ఉంది గానీ అదొక్కటీ చాలదు. మిగిలిన సోడానే మీకు సబ్బులా తగిలింది.

"కలిపి ఊరక ఉంచరాదు" అన్నదీ అందుకే. మజ్జిగ పడ్డ క్షణం నుంచే గ్యాసు మొదలవుతుంది. టిన్నులో పోశాక ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటే ఆ గ్యాసంతా గాలికి పోతుంది. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి.

ఇక మైదా ఒకటిన్నర కప్పుకి అరకిలో పళ్ళంటే, అందులో పిండి ఎక్కడుందండీ? పళ్ళని పట్టుకునే దిక్కు లేక అడుక్కి పోయాయి.

పదలం, సోల నాకు తెలీదు. పెద్దవాళ్ళెవరైనా చెప్పాలి.


స్టీల్_గరిటె, సోమవారం 11:40

గుడ్డు లేకుండా చేసుకోవచ్చు కదా. ప్రతి వంటలో గుడ్డు ఎందుకు?


బ్రాడీపేట_బుజ్జి, సోమవారం 11:46

చేసుకోవచ్చేమో అండీ. కానీ అమ్మమ్మ వేసింది, అమ్మకి ఆ రుచే కావాలి.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు (తెనాలి), సోమవారం మధ్యాహ్నం 2:15

అమ్మా బుజ్జీ, ఆ నోటుబుక్కు తప్పేం లేదు. దాన్ని చదవడంలోనే తప్పు జరిగింది.

పాత తూకాల్లో వీశ అంటే 120 తులాలు. తులం 11.66 గ్రాములు. కాబట్టి వీశ సుమారు 1,400 గ్రాములు. వీశకి 40 పలాలు, అంటే పలం 35 గ్రాములు. పది పలాలైతే పదలం, అంటే పావు వీశ, 350 గ్రాములు. ఐదు పలాలైతే ఏబులం, 175 గ్రాములు. అరకిలో అని మీ అమ్మగారు ఉజ్జాయింపుగా చెప్పారు, 150 గ్రాములు ఎక్కువైంది.

"4 ప." అంటే నాలుగు పలాలు, పలుకులు కాదు! 140 గ్రాములు. నిమ్మకాయంత గడ్డలు నాలుగంటే ఎంత తూగాయో ఏమో.

ఇవి తూకాలు. సోల తూకం కాదు, కొలత. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. చిక్కల్లా ఎక్కడంటే ఈ కొలతలు ఊరూరికీ కాస్త మారేవి. కాబట్టి సోలంటే ఇన్ని మిల్లీలీటర్లని నేను చెప్తే అది మీ అమ్మమ్మ గారి సోల కాకపోవచ్చు. ఆవిడ వాడిన సోల ఇంట్లో ఉందేమో వెతకండి. దొరికితే నీళ్ళు పోసి తూచండి.

మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరులో మొదలుపెట్టి, 1962 నాటికి పాతవి పూర్తిగా తీసేశారు. 1954లో రాసిన పుస్తకంలో పలాలు, సోలలు కాక ఇంకేముంటాయి? చట్టం మారినా నోళ్ళు మారలేదు. మా నాన్నగారు చివరిదాకా వంకాయలు వీశల్లోనే అడిగేవారు. కొట్టువాడికి అర్థం కాక నా మొహం చూసేవాడు.


భవానీపురం_బాచి, సోమవారం 2:31

మాస్టారూ, రొట్టె కోసం వచ్చి హోంవర్కుతో పోతున్నాను.


లీడ్స్‌లో_తెనాలోడు (ఇంగ్లండు), సోమవారం సాయంత్రం 6:05

మాస్టారి ఊరివాణ్ణే. బుజ్జి గారి జాబితా చదివి ఉలిక్కిపడ్డాను. నేనుండే యార్క్‌షైర్‌లో దీన్ని టీ లోఫ్ అంటారు. ఎండు పళ్ళని పాలు లేని టీలో రాత్రంతా నానబెట్టడం, పిండిలో వెన్న గానీ నూనె గానీ వేయకపోవడం, ముక్క కోశాక పైన వెన్న రాసుకోవడం, అన్నీ అవే. వేల్స్‌లో ఇలాంటిదాన్నే బారా బ్రిత్ అంటారు, అంటే మచ్చల రొట్టె. ఐర్లండ్‌లో బార్న్‌బ్రాక్. అది హాలోవీన్‌కి చేసి లోపల ఉంగరం దాస్తారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఆ ఏడు పెళ్ళి అని నమ్మకం. పాతకాలంలో వీటిని ఈస్టుతో పొంగించేవాళ్ళు. సోడా, బేకింగ్ పౌడర్ వచ్చాక పని తేలికైంది.

మీ అమ్మమ్మ గారు పంచదార బదులు బెల్లం, మార్కెట్లో దొరికే తొక్క మిఠాయి బదులు బత్తాయి తొక్క వేశారు. ఇంతకీ ఆవిడకి ఇది ఎవరు నేర్పారు?

ఇక్కడివాళ్ళు పళ్ళ కేకు పక్కన వెన్స్‌లీడేల్ చీజ్ ముక్క పెట్టుకుని తింటారు. మొదట నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు నేనూ అలాగే తింటున్నాను.


భవానీపురం_బాచి, సోమవారం 6:12

గుంటూరులో అయితే పక్కన మిరపకాయ బజ్జీ.


బ్రాడీపేట_బుజ్జి, సోమవారం రాత్రి 9:20

మాస్టారూ, మీకు పాదాభివందనం. పలుకులు అనుకున్న దాన్ని తలచుకుంటే నాకే నవ్వొస్తోంది. ఆ బెల్లం అరకిలో దగ్గర ఉంటుంది.

అమ్మమ్మకి ఎవరు నేర్పారంటే, మా ఇంట్లో రెండు మాటలున్నాయి. అమ్మమ్మ గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ చేసింది, అక్కడి దొరసానులు నేర్పారని పెద్దమ్మ అంటుంది. అమ్మ ఒప్పుకోదు. పెళ్ళయ్యాక బెజవాడలో తాతయ్య రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆవిడ దగ్గర నేర్చుకుందంటుంది.


కొత్తపేట_కోడలు (గుంటూరు), సోమవారం 9:44

మిషన్ దొరసానులైతే అమెరికన్ లూథరన్లు కదా. మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ గారు గుంటూరు వచ్చింది 1842లో, ఆసుపత్రి పెట్టిన డాక్టర్ కుగ్లర్ 1883లో. వాళ్ళంతా అమెరికా నుంచి వచ్చినవాళ్ళు. టీలో నానబెట్టే రొట్టె మాత్రం ఇంగ్లండు వాళ్ళది. నా ఓటు మీ అమ్మగారికే, రైల్వే క్వార్టర్సే.

నాదో సందేహం. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్‌లో అవుతుందా?


పటమట_ప్రసూన, సోమవారం 10:02

అవుతుందండీ. గాస్కెట్, విజిల్ రెండూ తీసేయండి. అడుగున ఇసుక గానీ ఉప్పు గానీ అంగుళం మందాన పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత గుండ్రటి టిన్ను దించి సన్న సెగ మీద గంటసేపు. కుక్కర్‌లో నీళ్ళు పోయకూడదు, పోస్తే ఇడ్లీ అవుతుంది. పైన ఎర్రబడదు, రుచికేం లోటుండదు.


నిప్పుల_భట్టీ (విజయవాడ, వన్‌టౌన్), మంగళవారం ఉదయం 6:30

మాది మూడు తరాలుగా బేకరీ. ఇప్పుడు కరెంటు ఓవెన్ గానీ మా తాత కాలంలో కట్టెల భట్టీ. "సన్న సెగ" అన్న మాట గురించి చెప్పాలనిపించింది.

1954లో మామూలు ఇళ్ళల్లో ఓవెన్ ఎక్కడిదండీ? మీ అమ్మమ్మ గారు కలిపిన పిండిని దగ్గర్లో ఉన్న బేకరీకి పంపి ఉంటారు. భట్టీలో తెల్లవారుజామున బన్నులు, బ్రెడ్డు కాలతాయి. అవి తీసేశాక కట్టె వేయరు, ఇటుకల్లో ఉన్న వేడి మెల్లగా దిగుతూ ఉంటుంది. ఆ దిగే వేడిలో పెట్టేవాళ్ళు ఇలాంటి బరువు రొట్టెలు. బెల్లం, పళ్ళు ఉన్న పిండి ఎక్కువ వేడికి పైన మాడిపోతుంది, లోపలికి వేడి చేరేసరికి ఆలస్యమవుతుంది. మీకు జరిగింది అదే.

కాబట్టి మీ ఓటీజీలో 160 పెట్టండి. కింది రాడ్డు, పై రాడ్డు రెండూ వేసి, టిన్ను మధ్య అరకి ఒక మెట్టు కింద పెట్టండి. 40 నిమిషాలకి పైన రంగు వచ్చేస్తుంది, అప్పుడు అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. మొత్తం గంటా పది నుంచి గంటా పావు. చిన్న ఓటీజీల్లో అంకె ఒకటి, లోపలి వేడి ఒకటి. 20 డిగ్రీల తేడా మామూలే. లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఆ గొడవ ఉండదు.

క్రిస్మస్‌కి ఇప్పటికీ మా దగ్గరికి గిన్నెల్లో పిండి తెస్తారు. టిన్ను మీద పేరు రాసిన చీటీ పెడతాం. ఒక ఏడు చీటీలు వేడికి ఎగిరిపోయి, ఒకళ్ళ కేకు ఒకళ్ళకి వెళ్ళింది. జనవరి దాకా తిట్లు తిన్నాం.


బ్రాడీపేట_బుజ్జి, మంగళవారం 7:50

అన్నా, అమ్మకి చదివి వినిపించాను. "అవును, మీ మేనమామ తువ్వాలు చుట్టిన గిన్నె నెత్తిన పెట్టుకుని పోయేవాడు, తిరిగొచ్చేటప్పుడు అంచులు గిల్లుకుని తినేవాడు" అంది. నలభై ఏళ్ళుగా నాకెప్పుడూ చెప్పని మాట ఇది.


స్టీల్_గరిటె, మంగళవారం 8:15

అదలా ఉంచండి, ఇది కేకా రొట్టా? మైదా, గుడ్డు, తీపి ఉంటే కేకే అంటారు.


లీడ్స్‌లో_తెనాలోడు, మంగళవారం మధ్యాహ్నం 1:10

వెన్న రాసుకుని తింటే రొట్టె. లేదంటే కేకు. ఇంతకంటే నాకు తెలీదు.


పటమట_ప్రసూన, మంగళవారం 1:40

బత్తాయి తొక్క కొనకండి, ఇంట్లోనే చేయండి. తొక్క లోపలి తెల్లదనం కొంత గీసేసి, సన్నగా తరిగి, నీళ్ళల్లో మరగబెట్టి పారబోయండి. అలా మూడుసార్లు. లేకపోతే చేదు మిగులుతుంది. తర్వాత తొక్క ఎంత తూగితే అంత పంచదారతో పాకం పట్టి ఆరబెట్టడమే.

రంగురంగుల టూటీఫ్రూటీ మాత్రం వేయొద్దు. అది పచ్చి బొప్పాయి ముక్కలకి పాకం పట్టి రంగు వేసింది. బన్నుల్లోకి బాగుంటుంది గానీ టీలో నానితే రంగు దిగిపోతుంది. కిస్‌మిస్, ఖర్జూరం పట్నం బజారులో దొరుకుతాయి కదా మీకు. నల్ల కిస్‌మిస్ గింజ లేనిది చూసి తీసుకోండి.

పళ్ళు మునగకుండా మైదా పట్టించమని వీడియోల్లో చెప్తారు. నానిన పళ్ళకి అది దండగ, పేస్టులా అవుతుంది. పిండి చిక్కగా ఉండాలి, గరిటె నుంచి ముద్దగా జారాలి. దోసెల పిండిలా కారితే మాత్రం పళ్ళు కిందికే.


బ్రాడీపేట_బుజ్జి, మంగళవారం రాత్రి 8:30

సోల దొరికింది!!

అటక మీద ఇత్తడి బిందెలో. అమ్మ దాన్ని పెళ్ళిళ్ళప్పుడు పసుపు కొట్టే రోజు బయటికి తీసేదట, నేనెప్పుడూ పట్టించుకోలేదు. చింతపండుతో తోమి నీళ్ళు పోసి తూచాను, 310 గ్రాముల నీళ్ళు పట్టింది. మైదా పోసి అంచు గీస్తే 165 గ్రాములు. సోలన్నర అంటే సుమారు 250 గ్రాములు. నా కప్పుతో కప్పున్నర తూచి చూస్తే 190 కూడా లేదు.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు, మంగళవారం 8:52

350 పళ్ళు, 250 మైదా, 140 బెల్లం. ఇప్పుడు లెక్క కుదిరింది. పోయినసారి పళ్ళు మైదాకి రెండున్నర రెట్ల పైనే ఉన్నాయి. అది రొట్టె ఎలా అవుతుందమ్మా, పచ్చడి అవుతుంది గానీ.


కొత్తపేట_కోడలు, బుధవారం 11:00

రాత్రి పళ్ళు నానబెట్టి, పొద్దున్నే కుక్కర్‌లో చేశాను, ఈ లెక్క ప్రకారమే. కిస్‌మిస్ తక్కువైతే ఆత్రేయపురం నుంచి తెచ్చిన మామిడి తాండ్ర ముక్కలు కలిపాను. తాండ్ర టీలో బాగా మెత్తబడి అక్కడక్కడ పుల్లగా తగులుతోంది. మా మామగారు "ఇది బాగుంది గానీ ఏంటిది?" అన్నారు. ఆయన నోట "బాగుంది" విన్నది ఇదే మొదటిసారి.


బ్రాడీపేట_బుజ్జి, గురువారం ఉదయం 9:15

రెండోసారి చేశాను (ట్రయల్). రాత్రి బెల్లం వేడి డికాషన్‌లో కరిగించి, వడకట్టి పళ్ళ మీద పోశాను. డస్ట్ టీ మూడు చెంచాలు వేసి రెండే నిమిషాలు మరిగించాను, వగరు రాలేదు. తెల్లారేసరికి పళ్ళు బొద్దుగా ఉబ్బాయి, కింద రెండు చెంచాల నీళ్ళు కూడా లేవు. మజ్జిగ పోయగానే బుసబుసమంది, పరుగున ఓవెన్‌లో పెట్టాను.

పైన మాడలేదు. మధ్యలో పగిలింది గానీ అందంగానే పగిలింది. పళ్ళు పైదాకా ఉన్నాయి. సబ్బు వాసన లేదు. కానీ ఆగలేక వేడిమీదే కోశాను, ముక్కలు చిదిగిపోయి మధ్యలో కొంచెం జిగురుగా అనిపించింది. పచ్చిదనమేనా?


నిప్పుల_భట్టీ, గురువారం 9:40

పచ్చిదనం కాకపోవచ్చు. పుల్ల గుచ్చితే కిస్‌మిస్‌కి తగిలి జిగురుగానే వస్తుంది, దాన్ని నమ్మకండి, రెండు మూడు చోట్ల గుచ్చండి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 96 డిగ్రీలు దాటితే అయినట్టే. "మరునాటికి బాగుండును" అని ఆవిడ రాశారు కదా. వేడిగా ఉన్నప్పుడు లోపలి తేమ ఇంకా సర్దుకోదు. పూర్తిగా చల్లారాక బటర్ పేపర్లో, పైన గుడ్డలో చుట్టి ఒక రాత్రి వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బిరుసెక్కుతుంది. అలాగని మన ఎండల్లో బయట వారం రోజులు ఉంచితే బూజు పడుతుంది, మూడు నాలుగు రోజుల్లో తినేయండి.


భవానీపురం_బాచి, గురువారం 9:47

మూడు నాలుగు రోజులా! మా ఇంట్లో మూడు నాలుగు నిమిషాలు.


బ్రాడీపేట_బుజ్జి, ఆదివారం రాత్రి 9:05

శనివారం పొద్దున చేసి, చుట్టి, అమ్మకి కనపడకుండా బీరువాలో పెట్టాను. ఈరోజు సాయంత్రం పెద్దమ్మ, మామయ్య, పిల్లలు అందరూ వచ్చారు. టీ పెట్టి, ముక్కలు కోసి, వెన్న రాసి ఇచ్చాను. కత్తికి ఏమీ అంటలేదు, ముక్క తెగినచోట పళ్ళు పొదిగినట్టు కనపడ్డాయి.

అమ్మ సగం ముక్క తినేదాకా ఏం మాట్లాడలేదు. నాకు గుండె దడ. చివరికి, "జాజికాయ ఎక్కువేశావే. మా అమ్మ ఇంత వేయదు" అంది. తర్వాత రెండో ముక్క తీసుకుంది. మూడోది కూడా. మామయ్య ఎప్పట్లాగే అంచులు గిల్లుతుంటే పెద్దమ్మ చేతి మీద ఒకటేసింది, అరవై ఆరేళ్ళ మనిషిని!

ఎవరు నేర్పారన్న గొడవ మాత్రం తేలలేదు. పెద్దమ్మ ఇంకా ఆసుపత్రి అనే అంటోంది.

మిగిలింది అమ్మ స్టీలు డబ్బాలో పెట్టి తన గదిలోకి తీసుకెళ్ళిపోయింది. బాచి గారూ, మీకు ముక్క లేదు.

అందరికీ చాలా థాంక్స్. అన్నట్టు, అదే పుస్తకంలో వెనక పేజీలో "నిమ్మకాయ ఊరగాయకు ఉప్పు పదలం, కారం 6 ప." అని ఉంది. నిమ్మకాయలు ఎన్నో రాయలేదు. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు, ఆదివారం 9:18

ఉప్పు 350 గ్రాములు, కారం 210. నిమ్మకాయల సంగతి మీ పెద్దమ్మ గారిని అడుగు.